నీళ్ళు లేని సరస్సుకి పడవ

మా ఆవిడ గ్లెనిస్ దేనికైనా అడగ్గానే "సరే" అందంటే నాకు వెన్నులో చలి పుడుతుంది. పెళ్ళి చేసుకుందామని అడిగినప్పుడే మూడుసార్లు అడిగించుకుంది. మూడోసారి కూడా "సరే" అనలేదు, "చూద్దాం" అంది. ఆ చూడ్డం ఇంకా పూర్తి కాలేదేమోనని నాకు ఇప్పటికీ అనుమానమే.

అలాంటి మనిషి, ఉప్పు సరస్సు ఒడ్డున గుడారం వేసుకుని ఉందామంటే ఒక్క మాటలో ఒప్పేసుకుంది. తప్పు నాదే. ఒప్పుకోకూడదనే అడిగాను.

దక్షిణ ఆస్ట్రేలియాలో, మూంటా అనే ఊళ్ళో నాకు గడ్డి కోసే యంత్రాలు బాగుచేసే కొట్టుంది. కొన్నేళ్ళ కిందట ఒక పాత మోటారు సైకిలు నా చేతులతో నేనే బాగుచేసి, ఆదివారం పూట ఊళ్ళో ఒక చుట్టు చుట్టి వద్దామని బయల్దేరాను. బ్రేకు తప్ప మిగతావన్నీ బ్రహ్మాండంగా పనిచేశాయి. పాస్టరు గారి కోళ్ళగూట్లోకి ఈ పక్కనుంచి దూరి ఆ పక్కనుంచి బయటికొచ్చాను. కోళ్ళు రెండు రోజుల్లో తేరుకున్నాయి. పాస్టరు గారు మాత్రం ఈనాటికీ నన్ను చూస్తే రోడ్డు దాటి అవతలికి పోతారు.

"ఆ బండి ఇంక నా కంటికి కనబడకూడదు," అంది గ్లెనిస్.

ఆవిడ మాట అక్షరాలా పాటించాను. బండిని ఆవిడ కంటికి కనబడని చోట, కర్లీ గాడి షెడ్డులో, దాచాను.

కర్లీ అంటే ఉంగరాల జుట్టువాడని అర్థం. అసలు పేరు నోరిస్ పాస్కో. వాడి నెత్తిమీద ఈగ వాలితే జారి కిందపడుతుంది. మా వైపు మారుపేర్లు అలాగే పెడతారు. సముద్రంలో పీతలు పట్టడం వాడి వృత్తి. మనిషి తలుపంత వెడల్పు, మనసు తలుపుకున్న గొళ్ళెమంత గట్టిది అనుకునేవాణ్ణి. ఆ గొళ్ళెం సంగతి తర్వాత తెలిసింది.

శనివారాలు చేపలు పట్టడానికి పోతున్నామని చెప్పి ఇద్దరం షెడ్డులో బండితో కుస్తీ పట్టేవాళ్ళం. చేపలేవని అడుగుతుందేమోనని ఒకసారి కొట్లో కొన్న చేప పట్టుకెళ్ళాను. గ్లెనిస్ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"పాపం, తల లేకుండానే ఈదుతోందా?" అంది.

అంతకుమించి ఏమీ అడగలేదు. అప్పుడే అనుమానించాల్సింది.

ఏటా మార్చిలో, ఎండిపోయి ఉప్పు మాత్రమే మిగిలిన గేర్డ్‌నర్ సరస్సు మీద వేగం పందాలు జరుగుతాయి. పక్కపక్కన పరిగెత్తడాలు ఉండవు. ఒక్కొక్క బండే, ఎదురుగా తెల్లటి ఉప్పు, పోటీ గడియారంతో. మా బండి లాంటి చిన్న ఇంజను పాత బండ్లకి వేరే తరగతి ఉంది. అందులో రికార్డు ఎంత తక్కువగా ఉందంటే, వెనకనుంచి ఎవరైనా గట్టిగా తుమ్మితే బద్దలైపోతుందని కర్లీ తేల్చాడు.

అందుకు నేను వారం పాటు ఇంట్లో లేకుండా పోవాలి. "పోనా?" అని అడిగితే "వద్దు" అంటుంది. అదే "నువ్వూ రా" అంటే? "ఆ ఎండలోకి నేనెందుకు, నువ్వే పో" అంటుంది. ఇదీ నా పథకం. కొట్టులో కూర్చుని అద్దం ముందు రెండుసార్లు అభ్యాసం కూడా చేశాను.

రాత్రి భోజనాల దగ్గర మొదలుపెట్టాను.

"గ్లెన్, ఉప్పు సరస్సు దగ్గర పందాలు చూడ్డానికి కర్లీ పోతున్నాట్ట. మనల్ని కూడా రమ్మంటున్నాడు. నీకు నచ్చదులే."

"ఎందుకు నచ్చదు?"

"నీడ ఉండదు. ఒక్క చెట్టు లేదు."

"టోపీ పెట్టుకుంటాను."

"ఈగలు. నోరు తెరిస్తే లోపలికి పోతాయి."

"నోరు మూసుకుంటే సరి. నీకది కష్టం గానీ నాకేం?"

"వారం పాటు స్నానం ఉండదు."

"ఇరవయ్యేళ్ళుగా పెట్రోలు కంపు పక్కన పడుకుంటున్నాను. నా స్నానం గురించి నువ్వు దిగులుపడకు."

ఆఖరి అస్త్రం తీశాను. "మరుగుదొడ్డి అంటే ఒక గొయ్యి, దాని చుట్టూ రేకులు. తలుపు సరిగ్గా పడదు. గాలొస్తే దానంతటదే తెరుచుకుంటుంది. ఎదురుగా టీ తాగే జనం."

గ్లెనిస్ ఫోర్కు కింద పెట్టింది. గెలిచానని నేను బంగాళాదుంపల గిన్నె ముందుకు లాక్కున్నాను.

"సరే," అంది. "వస్తాను."

బంగాళాదుంప గొంతులో అడ్డం పడింది. తివాచీ వాసనొస్తోందని ఒకే హోటల్లో నాచేత మూడు గదులు మార్పించిన మనిషి ఈవిడ. ఈవిడకి ఈగల మధ్య, గొయ్యి పక్కన ఏం పని?

మర్నాడు కర్లీ దగ్గరికి పరిగెత్తాను. "ఒరే, కొంప మునిగింది. తనూ వస్తానంటోంది."

"రానీరా. ఏం పోయింది?" అన్నాడు వాడు నట్టు బిగిస్తూ.

"బండి ఎక్కడ దాస్తాం?"

"ట్రైలర్ మీద పెట్టి పట్టా కప్పేద్దాం. నా పడవ అని చెప్పు."

"సరస్సులో నీళ్ళుండవు కదరా."

"ఆ ముక్క ఆవిడకి తెలుసా ఏంటి?"

వాడు తలెత్తి నా మొహం చూడలేదు. బిగించిన నట్టునే మళ్ళీ బిగిస్తున్నాడు. వీడి మీద కూడా అనుమానం మొదలైంది.

బయల్దేరే రోజు గ్లెనిస్ ట్రైలర్ చుట్టూ ఒక ప్రదక్షిణం చేసింది. పట్టా కింద చక్రం ఆకారం స్పష్టంగా ఉబ్బి కనబడుతోంది.

"ఇదేంటి?"

"కర్లీ పడవ," అన్నాను.

"ఆ సరస్సులో చుక్క నీరుండదటగా?"

"వాన పడితే?"

గ్లెనిస్ ఆకాశం కేసి చూసింది. మబ్బు అనే మాట మర్చిపోయిన ఆకాశం. "మంచిదే," అంది. "ముందుజాగ్రత్త ఉండాలి." అని వెళ్ళి కారులో కూర్చుంది.

ఇద్దరం చెమట తుడుచుకున్నాం. నా చెమట భయంతో పట్టింది. కర్లీది ఎందుకు పట్టిందో అప్పుడు తెలియలేదు.

కర్లీ ట్రైలర్‌తో ముందు, మేం వెనక. పోర్ట్ అగస్టా దాటి మట్టి రోడ్డెక్కాక కారు పళ్ళు కొరుకుతున్నట్టు వణికింది. మామూలుగా నేను కారు నడిపితే గ్లెనిస్ పక్క సీట్లోంచి రెండో కారు నడుపుతుంది. బ్రేకు లేని చోట కాలు నొక్కుతుంది, లేని హారను మోగిస్తుంది. ఆ రోజు ఒక్క మాట లేదు. మాంసం, దుంపలు కూరి కాల్చిన పేస్టీ చేతికందించింది. నాకిష్టమని మిరియాలెక్కువ వేసింది. నవ్వుతూ కిటికీలోంచి బయటికి చూస్తోంది.

ఇన్నేళ్ళ కాపురంలో భార్య తిడితే ఎలా తట్టుకోవాలో నేర్చుకున్నాను. నవ్వితే ఏం చెయ్యాలో నాకెవరూ నేర్పలేదు.

ఇంతలో పొదల్లోంచి ఒక జంతువు కారుకడ్డంగా గెంతింది. నేను స్టీరింగు అటూ ఇటూ తిప్పి, రోడ్డు దిగి, మళ్ళీ రోడ్డెక్కాను.

"కంగారూ," అంది గ్లెనిస్ ప్రశాంతంగా.

జంతువు పేరు చెప్పిందో, నా పరిస్థితి చెప్పిందో అర్థం కాలేదు.

"పొద్దున్నే వచ్చే ఆ తలనొప్పి తగ్గిందా?" అని అడిగింది కాసేపాగి.

"అదా, పెట్రోలు వాసనకి."

"ఒకసారి డాక్టరుకి చూపించుకోమన్నాను."

"ట్రెగెన్జా వంశంలో మగాళ్ళు డాక్టరు దగ్గరికి పోరు. డాక్టరే మా దగ్గరికొస్తాడు."

"అవును. సర్టిఫికెట్టు రాయడానికి," అంది. మళ్ళీ కిటికీలోంచి చూడసాగింది.

సరస్సు కనబడగానే నేను కారాపేశాను. ఇటు ఎర్రమట్టి, అటు తెలుపు. ఆ తెలుపుకి అంతు లేదు. ఒడ్డున ఎర్రమట్టి మీద గుడారాలు, ట్రక్కులు, జనరేటర్లు, ఇల్లొదిలి వచ్చిన మొగుళ్ళు. ఉప్పు మీదికి వెళ్ళే ప్రతి బండి చక్రాలూ రుద్ది రుద్ది కడుగుతున్నారు, చిటికెడు మట్టి కూడా అంటకూడదని. ఇంట్లో కాలు తుడుచుకోని మొగుళ్ళంతా అక్కడ మోకాళ్ళ మీద కూర్చుని టైర్లు తుడుస్తున్నారు.

గుడారం మేకు దిగ్గొడుతుంటే నీడ పడింది. తలెత్తాను. ఇంకా ఎత్తాను. అక్కడెక్కడో పైన ఒక గడ్డం, దానిపైన ఒక టోపీ. చొక్కా మీద "షార్టీ" అని కుట్టి ఉంది. అంటే పొట్టివాడని.

"గ్లెనిస్ గారూ, వచ్చేశారా. దారి బాగానే ఉందా?" అన్నాడు.

"బాగానే ఉందండీ," అంది మా ఆవిడ. చెవుల దాకా నవ్వు.

ఆయన వెళ్ళాక అడిగాను. "ఆయన నీకెలా తెలుసు?"

"ఎవరు?"

"ఆ దీపస్తంభం."

"ఓ, ఆయనా. నీళ్ళ ట్యాంకు దగ్గర కలిశాం."

మేమొచ్చి అరగంట కూడా కాలేదు. నీళ్ళ ట్యాంకు ఎక్కడుందో నాకే ఇంకా తెలియదు.

మర్నాడు పొద్దున టీ తాగగానే గ్లెనిస్ తెల్ల చొక్కా తొడుక్కుంది. ఇస్త్రీ చొక్కా. చుట్టుపక్కల అందరూ వారం నుంచి ఒకే బనీనులో ఉన్న చోట ఇస్త్రీ చొక్కా. ఫ్లాస్కు నిండా టీ పోసుకుంది.

"ఎక్కడికి?"

"పక్షుల్ని చూడ్డానికి."

ఆ సరస్సు దగ్గర రెక్కలున్న ప్రాణి ఈగ తప్ప ఇంకోటి లేదు. ఆ మాట నోటిదాకా వచ్చింది. కానీ ఆవిడ వెళితేనే మేం బండి తనిఖీకి తీసుకుపోగలం. పట్టా కింద అబద్ధం కట్టేసుకుని కూర్చున్నవాడు ఎదుటివాళ్ళ అబద్ధాన్ని ఏ మొహంతో అడుగుతాడు?

"జాగ్రత్తగా వెళ్ళు. పక్షులు పొడుస్తాయి," అన్నాను.

"నువ్వూ జాగ్రత్త. పడవకి తడి తగలనీకు," అంది.

బండి కర్లీకి వదిలేసి నేను బైనాక్యులర్లు పట్టుకుని ఆవిడ వెనకాలే బయల్దేరాను. నిక్కరు వేసుకున్నాను. అదే నేను చేసిన ఇంకో పొరపాటు. ఉప్పు మీద ఎండ పైనుంచి ఒకసారి కాలుస్తుంది, కిందనుంచి ఇంకోసారి. మనిషి దేహంలో ఎన్నడూ సూర్యుణ్ణి చూడని ప్రదేశాలకి ఆ రోజు సూర్యదర్శనమైంది.

గ్లెనిస్ నేరుగా ఒక పెద్ద తెల్ల గుడారం దగ్గరికి పోయింది. నేను దాని వెనకవైపు ఒక ట్రక్కు చాటున నక్కాను. షార్టీ తల వంచి గుడారంలోకి దూరాడు. లోపల్నుంచి నవ్వులు. తర్వాత ఇద్దరూ బయటికొచ్చారు. ఆయన చెయ్యి చాచి ఉప్పు మీద దూరంగా ఏదో చూపిస్తున్నాడు. ఆవిడ తలూపుతోంది. నేను చెప్పేటప్పుడు ఆవిడ ఒక్కసారీ అంత శ్రద్ధగా తలూపలేదు. తర్వాత ఇద్దరూ ఒక జీపెక్కి ఆ తెల్లటి దాంట్లోకి వెళ్ళి ఎండమావిలో కలిసిపోయారు.

బైనాక్యులర్ల అద్దాలు మసకేశాయి. చెమటని చెప్పుకున్నాను.

కర్లీతో చెబితే వాడు ఒక సీసా తీసి నా చేతిలో పెట్టాడు. "తాగు. ఎక్కువ ఆలోచించకు."

"ఆవిడ ఆ పొడుగాడితో జీపులో పోయిందిరా."

"పక్షులు చూపిస్తున్నాడేమో."

"ఏం పక్షులురా? పద, వెళ్ళి అడుగుదాం."

"అడిగితే ఆవిడ కూడా అడుగుతుంది," అన్నాడు. ఆ రోజంతా వాడు మాట్లాడిన వాటిలో ఆ ఒక్క మాటే నిజం.

సాయంత్రం గ్లెనిస్ గుడారం ముందు కూర్చుని ఉల్లిపాయలు తరుగుతోంది. నేను కూర్చోలేక నిలబడ్డాను. తొడలు టమాటాల్లా ఉన్నాయి.

"పక్షులు కనబడ్డాయా?" అన్నాను, గొంతులో సాధ్యమైనంత విషం నింపి.

"ఒకటే కనబడింది. ట్రక్కు వెనకాల నక్కి ఉంది. కళ్ళకి బైనాక్యులర్లు, తొడలు ఎర్రగా. చాలా అరుదైన జాతి."

నేను ఒక ఉల్లిపాయ తీసుకుని తొక్క ఒలవడం మొదలుపెట్టాను.

"కూర్చో," అంది. "వెన్న లాంటి మందు తెచ్చాను, రాస్తాను." రాసింది కూడా. చేతులు మెత్తగానే ఉన్నాయి. అనుమానం మాత్రం తగ్గలేదు. తప్పు చేసినవాళ్ళే మందు బాగా రాస్తారని ఎక్కడో విన్నాను.

మర్నాడు కర్లీ చేతిలో కాగితం ఊపుకుంటూ వచ్చాడు. బండి తనిఖీలో నెగ్గింది. "ఇంక మనిషి తనిఖీ ఒకటే."

"మనిషికేం తనిఖీరా?"

"బీపీ, గుండె, కళ్ళు. రెండు నిమిషాల పని. ఆ చీటీ లేకపోతే ఉప్పు మీదికి రానివ్వరు."

మామూలుగా అయితే ఆ మాట వినగానే ఇంకో దారిలో ఇంటికి పోయేవాణ్ణి. కానీ బండి సిద్ధంగా ఉంది, రికార్డు అందేంత దూరంలో ఉంది, మా ఆవిడ పక్షుల కోసం పోయింది. తోలు సూటులోకి దూరాను. కాలిన తొడల మీద బిగుతు తోలు. కర్లీ వెనకనుంచి జిప్పు లాగుతూ "ఊపిరి బిగించు" అన్నాడు. బిగించిన ఊపిరి మళ్ళీ వదలడానికి చోటు లేకపోయింది. ఎవరి కొలతలిచ్చావురా అంటే, గాలి తగలకుండా బిగుతుగా కుట్టించానన్నాడు.

కాళ్ళు ఎడంగా పెట్టి బాతులా నడుచుకుంటూ వైద్యుల గుడారానికి పోయాను. ముందువైపు ఎర్ర ప్లస్ గుర్తు. లోపల బల్ల, బల్ల వెనక ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా.

చొక్కాలో గ్లెనిస్.

వెనక్కి తిరిగాను. గుమ్మంలో కర్లీ నిలబడి ఉన్నాడు. తలుపంత వెడల్పని చెప్పాను కదా. తలుపు మూసుకుంది.

"కూర్చోండి," అంది గ్లెనిస్, ఎవరో కొత్తవాడితో అన్నట్టు. "పేరు?"

"గ్లెన్..."

"అది నా పేరు. మీ పేరు?"

"డెన్జిల్ ట్రెగెన్జా."

"వాహనం?"

నోరు నా మాట వినలేదు. "పడవ," అన్నాను.

లోపల వంతు కోసం కూర్చున్న మిగతావాళ్ళు నవ్వుని దగ్గుల్లో దాచుకున్నారు. గ్లెనిస్ మొహంలో గీత కదల్లేదు. "చెయ్యి చాపండి."

చాపాను. పట్టీ చుట్టింది. బుడ్డి నొక్కింది. ముల్లు చూసింది. మళ్ళీ నొక్కింది. కళ్ళలో దాచుకున్న నవ్వు మాయమైంది. నవ్వు దాచుకున్నప్పుడు ఆవిడ మొహం ఎలా ఉంటుందో నాకు తెలుసు. ఇది దాచుకోవడం కాదు.

"నూట తొంభై ఎనిమిది," అంది.

"నిన్ను చూసి పెరిగింది."

"ఇన్నేళ్ళుగా రోజూ చూస్తూనే ఉన్నావు."

పక్క గదిలోంచి డాక్టరమ్మ వచ్చింది. ఆవిడ చూసినా అంతే. పావుగంట మంచం మీద పడుకోబెట్టి చూసినా అంతే. సూటు విప్పించి, గ్లెనిస్‌ని బయటికి పంపి చూసినా పెద్దగా తగ్గలేదు. "ఈ బీపీతో మిమ్మల్ని చిన్నపిల్లల మూడు చక్రాల బండి కూడా ఎక్కనివ్వను," అంది డాక్టరమ్మ. "ఇన్నాళ్ళూ తలనొప్పి రాలేదా?"

గ్లెనిస్ మళ్ళీ లోపలికొచ్చి మంచం పక్కన కూర్చుంది. నేను నిక్కరుతో, దుప్పటి కప్పుకుని, నేరం ఒప్పుకున్న దొంగలా ఉన్నాను.

"నీకు ముందే తెలుసా?" అన్నాను.

"కర్లీ చేతికి మేకు గుచ్చుకుంటే సూది వేయించుకోవడానికి నేను పనిచేసే ఆసుపత్రికే వచ్చాడు. సూది తీసేసరికి బండి సంగతి చెప్పాడు. పొడిచేసరికి నీ శనివారాలన్నీ చెప్పాడు. దూది నొక్కుతుంటే ఆ చేప ఏ కొట్లో కొన్నావో కూడా చెప్పాడు."

గుమ్మంలో తలుపు ఇబ్బందిగా కదిలింది. "నాకు సూదంటే భయంరా, డెన్," అన్నాడు.

"మరైతే అప్పుడే నన్ను దులిపెయ్యొచ్చుగా. ఇంత నాటకమెందుకు?"

గ్లెనిస్ బీపీ పట్టీ చేతిలోకి తీసుకుంది. "మీ నాన్న తలుపు దగ్గర బూట్లు తొడుక్కుంటూ పడిపోయినప్పుడు ఆయన పక్కన ఉన్నది నేనే. నువ్వు కొట్లో ఉన్నావు. ఆయనకీ ముందు తలనొప్పులే." పట్టీ మడత పెడుతోంది, విప్పి మళ్ళీ మడత పెడుతోంది. "మూడేళ్ళుగా నీకు బీపీ చూడాలని తిరుగుతున్నాను. నిద్రలో చూద్దామంటే లేచి కూర్చుంటావు. డాక్టరు దగ్గర చీటీ రాయిస్తే ఆ రోజే కొట్లో పనుంటుంది. నిన్ను లాక్కెళ్ళడం నా వల్ల కాలేదు. నీ అంతట నువ్వే నడిచొచ్చి, చెయ్యి చాపి, చూడండి అని అడిగే చోటు భూమ్మీద ఇదొక్కటే అని తెలిసింది. వాళ్ళకి నర్సు కావాలట. పందాలు నడిపే షార్టీకి ఫోను చేశాను."

ఇంత పొడుగు వల వేసి ఆవిడ పట్టింది, చేపలు పడుతున్నానని చెప్పుకు తిరిగిన నన్నే. కోపం తెచ్చుకుందామని చూశాను. ఎక్కడా దొరకలేదు. నాన్న బూట్లు గుర్తొచ్చాయి.

"మాత్రలు వేసుకుంటావా?" అంది.

"వేసుకుంటాను."

"రోజూ?"

"రోజూ. పాపం, ఆ బండే... ఇంత దూరం తీసుకొచ్చాం. అంత చిన్న బండి మీద కర్లీ పట్టడు."

గ్లెనిస్ లేచి నిలబడింది. కింద పడున్న తోలు సూటు తీసి దులిపింది.

"ఏం చేస్తున్నావ్?"

"బండి నడిపే రెండో మనిషిగా నా పేరు రాయించాడు కర్లీ. డాక్టరమ్మ నిన్ననే నా బీపీ చూసింది. పిల్లలకున్నట్టుంది అంది. దారి ఎక్కడ గట్టిగా ఉందో, ఎక్కడ మెత్తగా ఉందో షార్టీ జీపులో తీసుకెళ్ళి చూపించాడు."

"నువ్వా? బండి కంటికి కనబడకూడదన్నావు కదా."

"కింబా దగ్గర మా నాన్న గొర్రెల్ని పదేళ్ళు మోటారు సైకిలు మీద తోలాను, డెన్జిల్. నీకు గేరు మార్చడం నేర్పిందెవరు? నేను బండి వద్దనలేదు. నీ కింద బండి వద్దన్నాను."

నాకు ఊపిరాడనివ్వని సూటు ఆవిడకి కొలిచి కుట్టినట్టు సరిపోయింది. కర్లీ గుడారం పైకప్పుని చాలా శ్రద్ధగా పరిశీలిస్తున్నాడు.

మధ్యాహ్నానికి ఆవిడ వరసలో బండి మీద కూర్చుని ఉంది. నా చేతిలో గొడుగు. అక్కడ నడిపేవాళ్ళకి ఎండ తగలకుండా ఎవరో ఒకరు గొడుగు పట్టాలి. ముందూ వెనకా గొడుగులు పట్టింది పెళ్ళాలు. నేనొక్కణ్ణే మొగుణ్ణి.

"ఆవిడ మీకేమవుతారు?" అని పక్క గొడుగావిడ అడిగింది.

"నర్సు," అన్నాను.

షార్టీ జెండా ఊపాడు. గ్లెనిస్ హెల్మెట్ అద్దం దించే ముందు నాకేసి చూసింది. ఏదో చెబుతుందనుకున్నాను. "బ్రేకు బాగుచేశావా?" అంది.

"చేశాను."

"మంచిది." అంతే, వెళ్ళిపోయింది.

బండి చప్పుడు మొదట గుండెల మీద తగిలింది. తర్వాత పలచబడింది. ఆవిడ వీపు అరచేతంత అయింది, బొటనవేలంత అయింది, తర్వాత చుక్క. చుక్క కింద ఎండమావి నీళ్ళలా కదిలింది. ఆ నీళ్ళలో చుక్క కరిగిపోయింది. ఇంక తెలుపు తప్ప ఏమీ లేదు. చప్పుడు కూడా ఆగింది.

పడిపోయిందా, ఆగిందా, ఇంకా పోతోందా ఎవరికి తెలుస్తుంది? నా గొడుగు నీడ ఎవరూ లేని చోట పడుతోంది. అప్పుడు నాకు మొదటిసారి అర్థమైంది, పాస్టరు గారి వీధి చివర నేను మలుపు తిరిగి కనబడకుండా పోయినప్పుడు మా గేటు దగ్గర నిలబడిన మనిషికి ఎలా ఉండిందో.

షార్టీ రేడియో గరగరలాడింది. అంకె చెప్పింది. కర్లీ నన్ను ఎత్తి గిరగిరా తిప్పాడు. రికార్డు కంటే గంటకి రెండు మైళ్ళు ఎక్కువ. నాకు ఆ అంకె ఎక్కలేదు. "మనిషి? మనిషెలా ఉంది?" అని రేడియోని అడుగుతున్నాను.

"బండి ఆపి, మా ఆయన నిలబడే ఉన్నాడా అని అడుగుతున్నారు," అన్నాడు షార్టీ.

ఆవిణ్ణి జీపులో తీసుకొచ్చారు. హెల్మెట్ తీసింది. జుట్టు నుదుటికి అతుక్కుపోయి ఉంది. మొహం మాత్రం నేను మూడోసారి పెళ్ళి మాట అడిగిన అమ్మాయిది.

"రికార్డు ఖాయం కావాలంటే రేపు పొద్దున ఇంకోసారి వెళ్ళాలట," అంది.

"కుదరదు," అన్నాను. "ఈ వయసులో నీకీ పిచ్చేంటి? ఏమైనా అయితే? ఇంట్లో వాళ్ళ గతేంటి? ఈ బండి ఇంక నా కంటికి..."

అక్కడ ఆగిపోయాను. చుట్టూ ఉన్నవాళ్ళంతా తమ తమ బూట్లకేసి చూసుకుంటున్నారు.

"భయమేసిందా?" అంది గ్లెనిస్ మెల్లగా.

"నాకా? లేదు."

నా చెయ్యందుకుని మణికట్టు మీద రెండు వేళ్ళు పెట్టింది. ఒక్క క్షణం.

"అబద్ధం," అంది.

గుడారం దాకా ఆ చెయ్యి వదల్లేదు. తొడలు మండుతున్నాయని నేను బాతులా నడిచాను, సూటు బరువుకి ఆవిడ మెల్లగా నడిచింది. దారిలో ఒక ముసలి జంట టీ తాగుతూ మమ్మల్ని చూసి ముచ్చటపడ్డారు. ఈ వయసులో కూడా చేతులు పట్టుకుని ఎలా నడుస్తున్నారో చూడు అంది ఆవిడ మొగుడితో.

ఆ రెండు వేళ్ళూ ఇంకా నా నాడి మీదే ఉన్నాయి. గ్లెనిస్ పెదవులు కదులుతున్నాయి. లెక్కపెడుతోంది.